ఒక్కరే మార్చుకునే కత్తి

హిందూపురం దాకా వెళ్ళొచ్చానంటే మా తణుకులో అందరూ ముందు లేపాక్షి గురించే అడుగుతున్నారు. చూడలేదండీ అంటే నమ్మడం లేదు. అంత దూరం వెళ్ళి అది చూడకుండా ఎలా వచ్చావమ్మా అని నా మీద జాలి పడుతున్నారు. నేను వెళ్ళింది ఊళ్ళు చూడ్డానికి కాదు. సంచీ నిండా కత్తులు మోసుకుని ఒక పని మీద వెళ్ళాను. ఆ పని ఏమిటో, చివరికి ఏమైందో అడిగినవాళ్ళందరికీ మొదట్నించీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

చెట్టు కొమ్మల్నీ ముళ్ళకంపనీ నమిలి పొట్టు చేసే యంత్రాలకు కత్తులు తయారు చేయడం నా వృత్తి. మా నాన్నగారు చెరుకు మిల్లు కత్తులకు సాన పట్టేవారు. ఆయన షెడ్డే నాకు వచ్చింది. ఆడమనిషి ఇనుముతో ఏం చేస్తుందిలే అని నవ్వినవాళ్ళు ఇప్పుడు ఆర్డర్లు ఇస్తున్నారు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఒకరోజు షెడ్డులో ఉండగా పెనుకొండ నుంచి ఫోను వచ్చింది.

"అక్కా, నా పేరు నూరుల్లా. కంప కొట్టే మిషన్ ఉండాది నాకు. మీ కత్తులు గట్టివని చెప్పినారు. గట్టివి కావల్లనే, కానీ నాకు అంతకంటే ముఖ్యమైంది ఇంకొకటి ఉండాది. ఒక్క మనిషే మార్చుకునే కత్తి కావల్ల. రెండో మనిషి చెయ్యి డ్రమ్ము దగ్గరికి పోగూడదు."

ఎందుకని అడిగాను.

"నా భార్య హసీనాకు వేళ్ళు పోయినాయి. కత్తి మారుస్తా ఉంటే పోయినాయి. ఇప్పుడు ధర్మవరంలో వాళ్ళమ్మ ఇంట్లో ఉండాది. ఈ మిషన్ ఉండే ఇంటికి ఆయమ్మ ఎట్ల వస్తాది? అమ్మేద్దామంటే మాకు ఇదే కూడు. అట్లాంటి కత్తి ఒకటి ఉండాదని చూపిస్తే వస్తాదేమో అని."

ఇన్నేళ్ళుగా నన్ను పదును అడిగినవాళ్ళు ఉన్నారు, ధర తగ్గించమన్నవాళ్ళు ఉన్నారు. భార్య తిరిగి రావడానికి కత్తి అడిగినవాడు లేడు. చేసిస్తానన్నాను.

ఆ కత్తి గురించి రెండు మాటలు చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. మామూలుగా ఈ యంత్రాల్లో బరువైన ఇనప డ్రమ్ము ఒకటి గిర్రున తిరుగుతుంది. దానికి మూరెడు పొడవు కత్తులు బిగించి ఉంటాయి. బోల్టులు లోపలి వైపు. మొద్దుబారితే మూత తీసి, చేతులు లోపల పెట్టి, బోల్టులు ఊడబీకి, కత్తి మొత్తం మార్చాలి. నేను చేసినది అరచేతిలో పట్టే చదరపు బిళ్ళ. నాలుగు పక్కలా అంచులే. ఒక అంచు పోతే బిళ్ళ తిప్పి బిగించుకోవచ్చు. డ్రమ్ములో దాని గూడు దానికి ఉంటుంది, ఒకటే బోల్టు, అదీ బయటి వైపు. వీటన్నిటికంటే నాకు ఎక్కువ నిద్ర లేకుండా చేసింది ఒక కడ్డీ. ఆ కడ్డీని పక్కనుంచి డ్రమ్ములోకి దూర్చితే గాని మూత తెరుచుకోదు. కడ్డీ దూరిందంటే డ్రమ్ము కదలదు.

హిందూపురం

రైలు దిగేసరికి చలి. మా వైపు ఆ వేళకే ఒళ్ళంతా జిడ్డు కారుతూ ఉంటుంది. స్టేషను దగ్గర హోటల్లో తట్టె ఇడ్లీ తిన్నాను. పేరుకు తగ్గట్టే పళ్ళెమంత ఉంది. మేమైతే ఇడ్లీలోకి అల్లం పచ్చడి లేకపోతే ముద్ద ఎత్తం. ఇక్కడ కొబ్బరి చట్నీ, పైన ఒక చెంచా వెన్న. హోటలాయన ఒక బల్ల దగ్గర కన్నడంలోనూ ఇంకో బల్ల దగ్గర తెలుగులోనూ మాట్లాడి, నా దగ్గరికి వచ్చి రెండూ కలిపేశాడు. నా దగ్గర చిల్లర లేదని పర్సు వెతుక్కుంటుంటే "దుడ్లు యాడికి పోతాయమ్మా, ముందు తిను, సల్లారిపోతాది" అన్నాడు. తిన్నాను. బాగుంది. అల్లం పచ్చడి ఉంటే ఇంకా బాగుండేది, ఆ మాట అనకుండా ఉండలేను.

పెనుకొండ వెళ్ళేముందు ఇక్కడ ఒక రైతు దగ్గర కత్తుల్ని పరీక్షించాలని అనుకున్నాను. ఆయన పేరు హనుమంతరాయప్ప. చిలమత్తూరు దారిలో ఒక పల్లెలో మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు. అక్కడికి వెళ్ళే బస్సులో చిన్న అవమానం జరిగింది. కండక్టరు నా సంచీని పక్కకు జరపబోయి, బరువుకు తూలి, "ఏముండాదక్కా దీంట్లో?" అన్నాడు. ఆలోచించకుండా "కత్తులు" అన్నాను. బస్సంతా సద్దుమణిగిపోయింది. నా పక్కన కూచున్న అవ్వ మెల్లగా కొంగు సర్దుకుని "ఎవురి మీదికి పోతాండావమ్మా?" అని అడిగింది. చెట్ల మీదికి అని చెప్పాను. నమ్మలేదు. సంచీ విప్పి బిళ్ళ ఒకటి చేతిలో పెడితే, తిప్పి చూసి, "ఇది కత్తా? బీడీలు ఒత్తుకునే బిళ్ళ మాదిరి ఉండాది" అని తేల్చేసింది. నెలల తరబడి గీసి గీసి చేసినదాన్ని అంత మాట అన్నందుకు ఆవిడ దిగేదాకా నేను మాట్లాడలేదు.

హనుమంతరాయప్ప మంచి మనిషి, కానీ పురుగుల షెడ్డు గుమ్మం దగ్గర నన్ను ఆపేశాడు. బ్లీచింగు పొడి చల్లిన గోనెపట్టా మీద కాళ్ళు అద్దుకుని, చేతులు కడుక్కుని వెళ్ళాలట. అదీ చేశాను. అప్పుడు ఆయన ముక్కు ఎగబీల్చి "ఏం పూసుకున్నావు తల్లీ?" అన్నాడు. రైల్లో దోమల మందు రాసుకున్నాను. "ఆ వాసనకు పురుగులు చచ్చిపోతాయి. నువ్వు బయట్నుంచే చూడు" అన్నాడు. మా ఇళ్ళల్లో పసిబిడ్డ ఉన్న గదిలోకి కూడా ఇంత శుద్ధిగా వెళ్ళరు. కిటికీ తెర దగ్గర నిలబడ్డాను. లోపల వేలవేల పురుగులు ఆకు తింటున్న చప్పుడు చిన్న జల్లు పడుతున్నట్టు ఉంది.

ఆకు తినేశాక మిగిలిన మల్బరీ కట్టెను యంత్రంలో వేసి పొట్టు చేసి ఎరువుకు వాడతాడు. బిళ్ళలకు తుప్పు పట్టకుండా నేను పూసిన నూనెను మొత్తం తుడిపించాడు, ఆ బొట్టు ఆకు మీద పడితే పంటంతా పోతుందని. ఆ తర్వాత బిగించాం. ఆయన పాత డ్రమ్ముకు ఒక వరస వరకే గూళ్ళు వెల్డింగు చేయించి ఉంచాడు. యంత్రం చక్కగా నమిలింది. నేను గర్వంగా చూశాను. ఆయన పొట్టు చేతిలోకి తీసుకుని నలిపాడు.

"బాగుండాది తల్లీ. కానీ ఇది కట్టె కాదు, గడ్డి మాదిరి. నీ కత్తికి అసలు పరీక్ష నూరుల్లా దగ్గర ఉండాది. ఆడ కంప చూడు."

నూరుల్లా ఈయనకూ తెలుసు. ఆ చుట్టుపక్కల యంత్రాన్ని బాడుగకు తిప్పేది అతనే. పాత కత్తులు మీరు ఎలా మారుస్తారని అడిగాను. చూపిస్తానని భార్యను కేకేశాడు. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టి వచ్చి, ఎవరూ ఏమీ చెప్పకుండానే రెండు అరచేతులూ డ్రమ్ము మీద ఆనించి, కాళ్ళు దూరంగా పెట్టి నిలబడింది. ఆయన పానాకు పొడుగు పైపు తగిలించి బోల్టు మీద ఒరిగాడు. ఇంజను ఆపి ఉన్నా డ్రమ్ము బరువుకు అటూ ఇటూ ఊగుతుంది, దాన్ని ఆవిడ చేతులతో ఆపుతోంది.

"చెక్క అడ్డం పెట్టొచ్చు కదండీ" అన్నాను.

"చెక్క జారుతాది. చెయ్యికి తెలుస్తాది, ఎప్పుడు తిరుగుతాండాదో" అన్నాడాయన.

"కూలి మనిషిని పెట్టుకోవచ్చుగా?"

ఈసారి ఆవిడే జవాబిచ్చింది. "కూలి మనిషి చూపు యాడో ఉంటాది. ఇంటాయన తల డ్రమ్ములో ఉన్నప్పుడు పట్టుకునేది ఇంటి మనిషే గదమ్మా. ఈ పక్కన అందరూ అంతే. హసీనా కూడా అట్లనే పట్టుకునేది."

ఆ మాట ఆవిడ చాలా మామూలుగా అంది, అరచేతులు ఇంకా డ్రమ్ము మీదే ఉన్నాయి. తీసెయ్యమ్మా అని కసిరాను. వయసులో నాకంటే పెద్దావిడ. నవ్వి తీసేసింది.

పెనుకొండ

మర్నాడు బస్టాండు దగ్గర నూరుల్లా నా కోసం నిలబడి ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, మాట తక్కువ. సంచీ నా చేతిలోంచి లాక్కుని భుజాన వేసుకున్నాడు. ఊరి మీదికి ఒరిగినట్టు పెద్ద రాతికొండ, దాని మీద గోడలు పాకుతూ పోతున్నాయి. అదేమిటన్నాను. "కోట. రాజులది" అన్నాడు. అంతే. మా ఊళ్ళో అలాంటిది ఉంటే దాని గురించి గంట చెప్పేవాళ్ళం.

ఎండిపోయిన చెరువు ఒకటి ఉంది ఊరి బయట. మాకు చెరువంటే నీళ్ళు. ఇక్కడ గట్టు నుంచి గట్టు దాకా సర్కారు తుమ్మ. దాన్నే వీళ్ళు కంప అంటారు. గొర్రెల దారి కూడా మూసుకుపోయింది. నూరుల్లా దాన్ని కొట్టి పొట్టు చేసి ఇటుకల బట్టీలకు తోలుతాడు. ట్రాక్టరు వెనక అతని యంత్రం, దాని మూత, పక్క రేకులు సొట్టలు పడి ఉన్నాయి.

డ్రమ్ముకు గూళ్ళు, కడ్డీ దూర్చడానికి పక్క రేకులో బెజ్జం వేయించి ఉంచమని కొలతలు ముందే పంపాను. అతను వేయించాడు. తీరా చూస్తే రేకులో బెజ్జం, డ్రమ్ములో బెజ్జం ఎదురూ బదురూ రాలేదు. ఎండలో కూచుని గుండ్రటి ఆకురాయితో గీకుతూ, కొలిచింది నేనే కదా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నూరుల్లా చాలాసేపు చూసి అన్నాడు.

"నీ కొలత తప్పు కాదక్కా. రేకు ఒంకర. ఆ దినం ఆస్పత్రి నుంచి వచ్చినాక సుత్తి తీసుకుని నేనే కొట్టినా. శానా కొట్టినా."

ఆకురాయి పక్కన పెట్టేశాను. అతను నా పక్కనే నేల మీద కూచుని చెప్పాడు. బోల్టు తుప్పు పట్టి కదల్లేదు. హసీనా డ్రమ్ము పట్టుకుంది. అతను పైపు మీద బరువంతా వేశాడు. పైపు జారింది. డ్రమ్ము అర చుట్టు తిరిగింది. కుడిచేతి చూపుడువేలు, నడిమి వేలు.

"అరవలేదక్కా ఆయమ్మ. 'నీకేమైనా తగిలిందా' అని నన్ను అడిగింది."

నేను లేచి మళ్ళీ బెజ్జం గీకాను. అతను రెండో పక్క పట్టుకున్నాడు. కాసేపటికి కడ్డీ టక్కున దూరింది, మూత తెరుచుకుంది.

కంప నిజంగా కంపే. ఆ కట్టె నల్లగా, ఇనుములా ఉంది, దాని వేర్ల నిండా ఇసుక. బిళ్ళలు దాన్ని నమిలాయి. పొద్దు వాలేదాకా బాగానే నడిచింది, అంతలో లోపల్నించి చెడ్డ చప్పుడు. ఎవరో ఎప్పుడో వేసిన ముళ్ళతీగ కంచె చెట్టు ఎదిగేకొద్దీ బోదెలో పూడిపోయి ఉంది. యంత్రం ఆపి చూస్తే ఒక బిళ్ళ అంచు చితికింది. సిగ్గేసింది. నా కత్తి ఇనప తీగను ఓర్చుకుంటుందని నేనెప్పుడూ అనలేదు, అయినా సిగ్గేసింది.

నూరుల్లా నన్ను పక్కకు జరగమన్నాడు. కడ్డీ దూర్చాడు. మూత తెరిచాడు. ఒక్క బోల్టు వదులు చేసి, బిళ్ళను తిప్పి కొత్త అంచు పైకి పెట్టి, బిగించాడు. రెండో మనిషి లేడు. పైపు లేదు. మేం టీ తాగి గ్లాసులు కింద పెట్టినంతసేపు కూడా పట్టలేదు.

"ఇంతేనా అక్కా?" అన్నాడు.

"ఇంతే."

అతను సంతోషపడతాడని అనుకున్నాను. ట్రాక్టరు మెట్టు మీద కూలబడి, ఆ కడ్డీని ఒళ్ళో పెట్టుకుని, "ఇది ఆ దినం ఉండింటే" అన్నాడు.

ఆ సాయంత్రం తనే వండి పెట్టాడు. రాగి ముద్ద, వంకాయ పులుసు. పక్కింటి అవ్వ ఊరిబిండి పంపింది, అది వేరుశనగలు నూరిన పచ్చడి. ముద్దలో ఉండలు ఉండలుగా పిండి తగులుతోంది. నములుతుంటే చూసి నొచ్చుకున్నాడు. "ముద్ద ఆయమ్మ చేస్తే అద్దం మాదిరి ఉంటాది" అన్నాడు. మా గోదావరి మనిషికి అద్దంలాంటి ముద్దయినా గొంతు దిగదు, అది వేరే సంగతి. రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

వారం వారం శుక్రవారం నమాజు కాగానే ధర్మవరం పోయి వస్తానని చెప్పాడు.

"వెళ్ళి ఏం మాట్లాడతావు?"

"మిషన్ గురించే. కత్తి కోసం ఎవరెవరికి ఫోన్ చేసినా, ఎవరేమన్నారు, అవే."

"తనేమంటుంది?"

"ఏమీ అనదు. టీ ఇస్తాది, ఎడమ చేత్తో." పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ ఉండిపోయాడు. "శుక్రవారం దాకా ఆగల్యాను. రేపే పోదాం, నువ్వు కూడా రావల్ల అక్కా. నువ్వు చెబితే నమ్ముతాది. కత్తి చూపించి, రెండో మనిషి అవసరమే ల్యాదని చెప్పు. అప్పుడు వస్తాది."

రైతులకు చూపించడానికి డ్రమ్ము ముక్క ఒకటి నా దగ్గర ఉంది. చిన్నది, పీట మీద బిగించినది. ఒక గూడు, ఒక బిళ్ళ, మూత, కడ్డీ. అది తీసుకుని వస్తానన్నాను. నిజం చెప్పొద్దూ, గెలిచేశాననే అనుకున్నాను.

ధర్మవరం

దారిలో బస్సు ఆగినచోట ఉగ్గాని తిన్నాను. మరమరాలు తడిపి తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. మా వైపు మరమరాలు సాయంత్రం పిల్లలకు పెట్టే చిరుతిండి, ఇక్కడ పొద్దున్నే పెద్దవాళ్ళు కడుపు నిండా తింటారు. బజ్జీకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూరుల్లా తినలేదు. తాగిన టీ కూడా సగం వదిలేశాడు.

ధర్మవరంలో ఆ సందులోకి తిరగ్గానే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. గుమ్మాల్లో పట్టు పోగులు ఆరేసి ఉన్నాయి. సందు మొదట్లో టీకొట్టు దగ్గర నూరుల్లా ఆగిపోయాడు. "నేను ఈడే ఉంటా. నువ్వు పోయి చూపించు" అన్నాడు. అతని మొహం చూసి బలవంతం చేయలేదు.

హసీనా వాళ్ళమ్మకు సొంత మగ్గం లేదు. ఆ సందులోని నేతగాళ్ళ ఇళ్ళల్లో అచ్చు, అంటే మగ్గానికి నిలువుగా సాగే పోగులు, అతికే పని చేసేవాళ్ళు వాళ్ళు. ఒక చీరల అచ్చు అయిపోయాక మగ్గం మీద పాత పోగుల కొసలు మిగిలి ఉంటాయి. కొత్త అచ్చులోని ఒక్కో పోగునీ తీసి పాత పోగు కొసతో మెలిపెట్టి అతకాలి. వేలల్లో ఉంటాయి. నేను వెళ్ళేసరికి హసీనా ఎదురింట్లో ఒక మగ్గం ముందు కూచుని ఆ పనే చేస్తోంది. ఆ ఇంటి నేతాయన నన్ను లోపలికి రమ్మని, తను బయటికి వెళ్ళిపోయాడు.

కుడిచేతి బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య పోగులు పట్టుకుని మెలిపెడుతోంది. మధ్యలో రెండు వేళ్ళు ఉండాల్సిన చోట నున్నటి చర్మం. పోగు జారకుండా వేలు బూడిదలో అద్దుకోవడం, పట్టడం, మెలిపెట్టడం. నిదానంగా ఉంది గాని ఆగడం లేదు. నేనెవరో చెప్పాను. తెలుసంది.

"చూపించక్కా" అంది.

పీట కింద పెట్టాను. చెప్పడం మొదలుపెట్టాను. కడ్డీ, మూత, గూడు, నాలుగు అంచులు. ఎంతోమందికి ఎన్నోసార్లు చెప్పినది. నేను పూర్తి చేయకముందే ఆవిడ పానా కోసం చేయి చాచింది. కడ్డీ తనే దూర్చింది. మూత తెరిచి, ఉన్న వేళ్ళతోనే పానా పట్టుకుని బోల్టు వదులు చేసి, బిళ్ళ తిప్పి బిగించింది. కడ్డీ తీయకుండా మూత వేయబోయి, మూత పడక, తనే అర్థం చేసుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"సులువుగా ఉండాది" అంది.

"రెండో మనిషి అక్కర్లేదమ్మా. నూరుల్లా ఒక్కడే చేసుకోగలడు. నిన్న చేశాడు, నేను చూశాను."

ఆవిడ పానా నా చేతికిచ్చేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఒక్కడే చేసుకుంటాడు. మరి నన్ను ఏమిటికి రమ్మంటాండాడు అక్కా?"

ఏ ఇనుము వాడావు, ఎంత కాల్చావు, ఎన్నాళ్ళు మన్నుతుంది అని అడిగితే నేను తడుముకోను. "నువ్వు ఆ యంత్రానికి భయపడ్డావని..." అని నసిగాను.

"మిషన్ కు భయమని ఎవరు చెప్పినారు? నేనే గదా అన్ని దినాలు పట్టుకునింది. రేపు పట్టుకోమన్నా పట్టుకుంటా." గొంతు పెద్దది చేయలేదు. "ప్రతి శుక్రవారం వస్తాడు. కత్తి ఇట్ల, కత్తి అట్ల. వాళ్ళకు ఫోన్ చేసినా, వీళ్ళకు ఫోన్ చేసినా. ఈ చెయ్యి ఒక్కసారి పట్టుకుని చూసినాడా? ఆస్పత్రిలో కట్టు విప్పుతా ఉంటే గోడ పక్కకు తిరిగి నిలబడినాడు. టీ ఇస్తే గ్లాసు చూస్తాడు. నేను కావాలని కుడి చేత్తో ఇచ్చి చూసినా ఒకసారి. తల వంచుకునే తీసుకున్నాడు. అప్పటి నుంచి ఎడమ చేత్తోనే ఇస్తాండా. ఈ చెయ్యి ఏసుకుని ఆ ఇంటికి పోయి, దినమంతా నన్ను చూడని మనిషి ముందర ఎట్ల తిరిగేది అక్కా?"

ఆవిడ ఏడవలేదు. నాకే కళ్ళు మండాయి. అంతలోనే వాడి మీద పట్టరాని కోపం వచ్చింది. నా మీద కూడా వచ్చింది, ఎన్ని నెలలు కూచుని, ఆ అమ్మాయి అవసరమే లేకుండా చేసే వస్తువును ఎంత శ్రద్ధగా తయారు చేశానో కదా అని. లేచి టీకొట్టు దగ్గరికి వెళ్ళాను.

నన్ను చూడగానే నూరుల్లా లేచి నిలబడ్డాడు. "ఏమనింది అక్కా?"

"కత్తి బాగుందంది."

"వస్తానందా?"

"అది నన్నడక్కు. పద" అన్నాను. అతను కదలకపోతే చొక్కా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. సందులో ఆడవాళ్ళు చూశారు. చూడనీ అనుకున్నాను.

మగ్గం దగ్గర గుమ్మంలో నిలబడి అలవాటు ప్రకారం నేలచూపులు చూశాడు. హసీనా కుడిచెయ్యి చాపి, అరచెయ్యి పైకి పెట్టి, అలాగే ఉంచింది.

"చూడు" అంది.

"వద్దు హసీనా."

"చూడమంటాండా."

"పైపు జారింది నా చేతిలోనే గదా. అది చూస్తే నా చేతులు నరుక్కోవల్లనిపిస్తాది."

"నరుక్కుంటే నాకు వేళ్ళు వస్తాయా? మొక్కను చూసినట్టు చూడు, రాయిని చూసినట్టు చూడు. చూడు గానీ తల తిప్పుకోవద్దు."

నూరుల్లా ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు. ఆ చెయ్యిని రెండు చేతులతో తీసుకున్నాడు. చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వేళ్ళు లేనిచోట నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడుపు తగ్గాక హసీనా అడిగింది. "ఇప్పుడు చెప్పు. మిషన్ కు నాతో పని ల్యాదు. నన్ను ఏమిటికి రమ్మంటాండావు?"

అతను మొహం తుడుచుకోలేదు. "ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేకపోతాండా. ఎవరితో మాట్లాడల్ల? పని చేసుకుని ఇంటికి వస్తే తలుపు తీయబుద్ధి కాదు. నువ్వు ఏ పనీ చేయొద్దు. ఊరికే ఉండు చాలు. నాకు నువ్వు కావల్ల."

హసీనా మగ్గం మీద అచ్చు వైపు చూసింది. సగం అతికి ఉంది, సగం పోగులు ఇంకా వేలాడుతున్నాయి.

"ఇది మొదలుపెట్టిన చెయ్యే ముగించల్ల" అంది. "ఇంకొకరు అతికితే మెలి తేడా వస్తాది, నేసేటప్పుడు తెగుతాది. ఇది అయినాక వస్తా."

"ఎప్పటికి అయితాది?"

"ఏమో. రెండు మూడు దినాలు పడతాది. నువ్వు పోతావా, కూచుంటావా?"

"కూచుంటా."

"అయితే ఊరికే కూచోవద్దు. ఇట్ల రా, ఈ పోగులు విడదీసి నాకు అందిస్తా ఉండు. మెల్లగా, తెగుతాయి."

కంప కొట్టి మొరటుదేరిన వేళ్ళతో అతను ఒక పోగు పట్టుకోబోయి రెండు పట్టుకున్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు. ఆవిడ ఓపిగ్గా ఎదురుచూసి, అందుకుని, అతికింది. పీట సంచీలో పెట్టుకుని నేను బయల్దేరుతుంటే ఇద్దరూ తలెత్తలేదు. గుమ్మం దాటి ఒకసారి వెనక్కి చూశాను. ఆ పనికి రెండో మనిషి అక్కర్లేదు. పొద్దుట్నించీ ఆవిడ ఒక్కతే చేసుకుంటోంది.